ప్రశ్నకు మరణశిక్ష!

ఒక్క పుస్తకం రాయలేదు. పాఠం చెప్పి పైసా పుచ్చుకోలేదు. సంతలో నిలబడి దారినపోయేవాళ్లను ప్రశ్నలు అడిగాడు... అంతే! ఆ నేరానికి సొంత ఊరే ఆయనకు విషమిచ్చింది. ఇది జరిగి రెండువేల నాలుగొందల ఏళ్లు దాటింది. ఆ ప్రశ్నలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి... తరగతి గదుల్లో, ఆసుపత్రుల్లో, ఆఖరికి జైళ్లలో కూడా!

క్రీస్తుపూర్వం 399. గ్రీసులోని ఏథెన్స్‌ నగరం. న్యాయస్థానం కిటకిటలాడుతోంది. జడ్జి అంటూ ఎవరూ లేరు. నల్లకోటు లాయర్లూ లేరు. తీర్పు చెప్పాల్సింది ఐదొందల మంది మామూలు పౌరులు. రైతులు, కుమ్మరులు, నావికులు, చెప్పులు కుట్టేవాళ్లు... లాటరీ పద్ధతిలో ఎంపికైనవాళ్లు. ఎవరెంతసేపు మాట్లాడాలో చెప్పడానికి ఒక నీటి గడియారం. కుండలో నీళ్లు అయిపోతే ప్రసంగం ఆపేయాల్సిందే. పొద్దుగూకేలోగా తీర్పు వచ్చేయాలి.

ముద్దాయికి 70 ఏళ్లు. బట్టతల, చప్పిడి ముక్కు, ఉబ్బిన కళ్లు. కాళ్లకు చెప్పుల్లేవు. పేరు సోక్రటీస్‌. మోపిన నేరాలు... నగరం కొలిచే దేవుళ్లను గుర్తించడం లేదు, కొత్త దేవతలను తెస్తున్నాడు, యువతను చెడగొడుతున్నాడు. ఫిర్యాదు చేసింది మెలిటస్‌ అనే యువకుడు. వెనక నిలబడింది అనీటస్‌ అనే పలుకుబడి గల నాయకుడు, లైకాన్‌ అనే వక్త.

ఆనాటి ముద్దాయిలకు ఒక అలవాటు ఉండేది. భార్యాపిల్లలను తెచ్చి నిలబెట్టి, కన్నీళ్లు పెట్టించి, దయ చూపమని వేడుకునేవారు. సోక్రటీస్‌కు ముగ్గురు కొడుకులు. ఒక్కరినీ తీసుకురాలేదు. తను చేసింది తప్పు కాదనీ, ఊరికి చేసిన సేవ అనీ వాదించాడు. బద్ధకంగా నిలబడిన మేలుజాతి గుర్రాన్ని జోరీగ కుట్టి కదిలించినట్టు, ఈ నగరాన్ని తాను మేల్కొలుపుతున్నానన్నాడు. ఓటింగ్‌లో ఓడిపోయాడు. ముప్పై మంది అటు నుంచి ఇటు మారి ఉంటే బతికిపోయేవాడట!

తర్వాత శిక్ష ఖరారు చేయాలి. అవతలి పక్షం మరణశిక్ష కోరింది. ముద్దాయి కూడా తనకు తగిన శిక్షేదో చెప్పుకోవచ్చు. దేశ బహిష్కారం అని ఉంటే సరిపోయేది. సోక్రటీస్‌ ఏమన్నాడో తెలుసా? ఒలింపిక్‌ విజేతలకు నగరం ఇచ్చే గౌరవంలాగే, తనకూ ప్రజల ఖర్చుతో జీవితాంతం భోజనం పెట్టాలన్నాడు! చివరికి స్నేహితుల ఒత్తిడితో జరిమానా కడతానన్నాడు. సభికులు అప్పటికే మండిపోతున్నారు. మరణశిక్ష ఖాయమైంది.

మంత్రసాని కొడుకు

ఎవరీ సోక్రటీస్‌? తండ్రి శిల్పి. తల్లి మంత్రసాని. తల్లి బిడ్డలకు పురుడు పోస్తే, తాను మనుషుల మనసుల్లోని ఆలోచనలకు పురుడు పోస్తున్నానని చెప్పుకొనేవాడు. యుద్ధాల్లో కాలిబంటుగా పోరాడాడు. మిగతా జీవితమంతా అగోరాలోనే. అగోరా అంటే ఏథెన్స్‌ నడిబొడ్డున ఉండే సంత. చేపలు, ఆలివ్‌ నూనె, కుండలు అమ్మేదీ అక్కడే. రాజకీయాలు మాట్లాడుకునేదీ అక్కడే.

ఆయన పద్ధతి చాలా సులువుగా కనిపిస్తుంది. ఉదాహరణకు ఒక సేనాధిపతిని ‘ధైర్యం అంటే ఏమిటి’ అని అడిగాడనుకోండి. శత్రువుకు వెన్ను చూపకుండా నిలబడటమే ధైర్యం అని ఆ పెద్దమనిషి టక్కున చెప్తాడు. మరి వెనక్కి తగ్గినట్టు నటించి శత్రువును దెబ్బకొట్టే సైనికుల సంగతేమిటి? రోగాన్ని తట్టుకుని నిలబడేవాడిది ధైర్యం కాదా? ఏమీ తెలియకుండా బావిలోకి దూకేవాడిది ధైర్యమా, మూర్ఖత్వమా? నాలుగు ప్రశ్నలయ్యేసరికి సేనాధిపతికి చెమటలు పడతాయి. జీవితమంతా ధైర్యం గురించి మాట్లాడినవాడికి అదేమిటో చెప్పడం రాదని తేలిపోతుంది. చుట్టూ చేరిన కుర్రాళ్లు పకపకా నవ్వుతారు. ఇంటికెళ్లి ఆ ప్రశ్నలే తండ్రులను అడుగుతారు!

అంతా అయ్యాక సోక్రటీస్‌ జవాబు చెప్తాడా అంటే... చెప్పడు. తనకూ తెలియదంటాడు. తెలియదన్న సంగతి తెలియడమే తనకున్న తెలివి అంటాడు. ఇది పెద్దమనుషులకు ఇంకా ఒళ్లుమంట.

అసలు కోపం ఎక్కడిది?

ప్రశ్నలు అడిగినంత మాత్రాన ఎవరైనా చంపుతారా? అదీ ప్రజాస్వామ్యానికి పుట్టిల్లు అయిన ఏథెన్స్‌లో? అక్కడే ఉంది మెలిక.

క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లైస్తెనిస్‌ తెచ్చిన సంస్కరణలతో అక్కడ జనపాలన మొదలైంది. పౌరులంతా కొండమీద సభ తీరి, చేతులెత్తి చట్టాలు చేసేవారు. అధికారుల్లో ఎక్కువ మందిని లాటరీతోనే ఎంపిక చేసేవారు. కానీ స్పార్టాతో 27 ఏళ్లు సాగిన యుద్ధంలో ఏథెన్స్‌ క్రీ.పూ. 404లో చిత్తుగా ఓడిపోయింది. గెలిచినవాళ్ల అండతో ముప్పైమంది నియంతలు గద్దెనెక్కారు. నెలల వ్యవధిలోనే వందల మందిని చంపించారు. ఆ ముఠాకు నాయకుడు క్రిటియాస్‌. ఒకప్పుడు సోక్రటీస్‌ చుట్టూ తిరిగినవాడే. యుద్ధంలో శత్రువు పంచన చేరిన ఆల్సిబయాడిస్‌ కూడా ఆయన సావాసగాడే. ప్రజాస్వామ్యం తిరిగి వచ్చాక జనం గాయాలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ‘ఇలాంటివాళ్లను తయారుచేసింది ఈ ముసలాడే కదా’ అన్న కసి చాలామందిలో ఉందని చరిత్రకారులు అంటారు. పైగా లాటరీ వేసి పాలకులను ఎన్నుకోవడమేమిటని ఆయన వెటకారం చేసేవాడు కూడా.

నిజానికి సోక్రటీస్‌ ఎవరికీ తలవంచలేదు. క్రీ.పూ. 406లో ఆవేశంతో ఊగిపోతున్న ప్రజాసభ, ఆరుగురు సేనాధిపతులను విడివిడిగా విచారించకుండా ఒకే ఓటుతో శిక్షించాలని పట్టుబట్టింది. అది చట్టవిరుద్ధమని అడ్డం తిరిగింది సోక్రటీసే. తర్వాత నియంతలు లియాన్‌ అనే నిర్దోషిని పట్టుకురమ్మని పంపితే, ఆ పని చేయకుండా నేరుగా ఇంటికి వెళ్లిపోయిందీ ఆయనే. జనానికీ భయపడలేదు, నియంతకూ భయపడలేదు. అలాంటి మనిషిని ఏ ప్రభుత్వమైనా ఎంతకాలం భరిస్తుంది?

తలుపు తెరిచే ఉన్నా...

శిక్ష వెంటనే అమలు కాలేదు. ఏథెన్స్‌ నుంచి డెలోస్‌ దీవికి ఏటా పవిత్ర నౌక ఒకటి వెళ్తుంది. అది తిరిగొచ్చేదాకా ఎవరినీ చంపకూడదు. అలా దాదాపు నెలరోజులు జైల్లోనే. చిన్ననాటి స్నేహితుడు క్రీటో ఓ తెల్లవారుజామున వచ్చాడు. డబ్బు సిద్ధం, దాచే చోటు సిద్ధం, పారిపోదాం రమ్మన్నాడు. సోక్రటీస్‌ కదలలేదు. డెబ్భై ఏళ్లు ఈ నగర చట్టాల నీడలో బతికి, తనకు కష్టం రాగానే వాటిని తన్నేసి పోవడం న్యాయమా అని ఎదురు ప్రశ్న వేశాడు.

ఒక్క క్షణం ఆగండి. విచారణలో ఇదే మనిషి, ప్రశ్నించడం మానేస్తే వదిలేస్తామని అన్నా తాను మానబోనన్నాడు. ఇప్పుడేమో చట్టానికి లోబడతానంటున్నాడు. పొంతన లేదనిపిస్తుంది కదా? అన్యాయమైన ఆజ్ఞను పాటించను. కానీ దానికి పడే శిక్షను తప్పించుకోను... ఈ రెండూ కలిపి చదివితే, అది మనకు బాగా తెలిసిన దారిలాగే ఉంటుంది.

అవును, గాంధీజీ దారి! దక్షిణాఫ్రికాలో భారతీయుల హక్కుల కోసం పోరాడుతున్న రోజుల్లో, 1908లో, ఆయన తన ‘ఇండియన్‌ ఒపీనియన్‌’ పత్రికలో సోక్రటీస్‌ వాదనను గుజరాతీలో ధారావాహికగా ఇచ్చారు. సోక్రటీస్‌ను సత్యం కోసం పోరాడిన వీరుడిగా పరిచయం చేశారు. ఆ చిన్న పుస్తకాన్ని 1910లో ‘హింద్‌ స్వరాజ్‌’తోపాటు బ్రిటిష్‌ ప్రభుత్వం నిషేధించింది. రెండువేల మూడొందల ఏళ్ల కిందట చనిపోయిన ముసలాయనంటే సూర్యుడు అస్తమించని సామ్రాజ్యానికి భయమేసిందన్నమాట! 1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌ జైలు నుంచి రాసిన లేఖలో మార్టిన్‌ లూథర్‌ కింగ్‌ కూడా సోక్రటీస్‌ను తలచుకున్నారు. నెల్సన్‌ మండేలా రాబెన్‌ దీవి జైల్లో ఖైదీలతో కలిసి సోఫోక్లిస్‌ నాటకం ‘యాంటిగని’ ఆడారు. రాజాజ్ఞను ధిక్కరించి అన్నకు అంత్యక్రియలు చేసే ఆడపిల్ల కథ అది. అందులో మండేలాది మొండి రాజు క్రియాన్‌ పాత్ర.

దేవుడి కోపం కాదు... జబ్బు!

ప్రశ్నలు సోక్రటీస్‌తో మొదలు కాలేదు. అంతకు రెండొందల ఏళ్ల ముందే, ఇప్పుడు టర్కీలో ఉన్న మిలెటస్‌ రేవు పట్నంలో థేలీస్‌ ‘ఈ ప్రపంచం దేనితో తయారైంది’ అని అడిగాడు. నీటితో అని జవాబిచ్చాడు. జవాబు తప్పు. కానీ దేవతల కథ చెప్పకుండా కారణం వెతకడం కొత్త. ఆయన శిష్యుడిగా చెప్పే అనాక్సిమాండర్‌ గురువు మాట కాదన్నాడు. తర్వాతివాడు అతన్ని కాదన్నాడు. అలా కాదనుకుంటూ పోగా పోగా డెమోక్రిటస్‌ దగ్గరికి వచ్చేసరికి, పదార్థమంతా కంటికి కనిపించని అణువులతో తయారైందనే ఊహ పుట్టింది.

వైద్యంలోనూ ఇంతే. మూర్ఛరోగాన్ని అప్పట్లో ‘పవిత్ర వ్యాధి’ అనేవారు. దేవుళ్లు పూనడం వల్ల వస్తుందని నమ్మేవారు. హిపోక్రటిస్‌ పేరుతో ఉన్న ఒక గ్రంథం దాన్ని కొట్టిపారేసింది. మిగతా జబ్బుల్లాగే దీనికీ సహజ కారణం ఉందనీ, అది మెదడులో ఉందనీ వాదించింది. మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టేవాళ్లు మన చుట్టూ ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట చెప్పి మాత్రం సుమారు 2400 ఏళ్లయింది!

క్రీ.పూ. మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్‌ ఏకంగా భూమినే కొలిచాడు. ఈజిప్టులోని సైనీ పట్టణంలో ఏడాదిలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎండ నిట్టనిలువుగా పడుతుంది. నీడ ఉండదు. అదేరోజు అలెగ్జాండ్రియాలో నీడ పడుతుంది. ఆ నీడ కోణం వృత్తంలో యాభయ్యో వంతు. రెండు ఊళ్ల మధ్య దూరం 5 వేల స్టేడియాలు. యాభైతో హెచ్చవేస్తే భూమి చుట్టుకొలత రెండున్నర లక్షల స్టేడియాలు. స్టేడియం నిడివి ఎంతన్నదాన్ని బట్టి తేడా వచ్చినా, అసలు లెక్క అయిన 40 వేల కిలోమీటర్లకు అది మరీ దూరం కాదు. పరికరాలు? ఒక కర్ర, దాని నీడ... అంతే!

చార్మినార్‌ దాకా...

సోక్రటీస్‌ శిష్యుడు ప్లేటో. గురువు మరణం చూసి మనసు విరిగినవాడు. ఏథెన్స్‌ శివార్లలో అకడెమస్‌ అనే వీరుడి పేరున్న తోటలో క్రీ.పూ. 387 ప్రాంతంలో పాఠశాల పెట్టాడు. ఆ తోట పేరే అకాడమీ అయింది. మన సాహిత్య అకాడమీకీ, హైదరాబాద్‌లోని పోలీస్‌ అకాడమీకీ పేరు వచ్చింది అక్కడినుంచే. ప్లేటో దగ్గర ఇరవై ఏళ్లున్న అరిస్టాటిల్‌ తర్కం, జంతుశాస్త్రం, రాజనీతి, నాటకం... దేన్నీ వదల్లేదు. ఏథెన్స్‌లో తనమీదా దైవద్రోహం నేరం మోపగానే ఊరు వదిలేశాడు. తత్వశాస్త్రం విషయంలో ఏథెన్స్‌ రెండోసారి పాపం చేయకూడదనే వెళ్తున్నానని చెప్పాడంటారు.

క్రీ.శ. 529లో జస్టీనియన్‌ చక్రవర్తి ఏథెన్స్‌లో తత్వశాస్త్ర బోధనను నిషేధించాడు. పశ్చిమ ఐరోపాలో గ్రీకు చదవగలిగేవాళ్లే కరవయ్యారు. మరి ఆ పుస్తకాలు ఎలా మిగిలాయి? కాన్‌స్టాంటినోపుల్‌లోని లేఖకులు ప్రతులు రాసి కొన్నిటిని కాపాడారు. రెండోదారి బాగ్దాద్‌. తొమ్మిదో శతాబ్దంలో అక్కడి ఖలీఫాల అండతో హునైన్‌ ఇబ్న్‌ ఇషాఖ్‌ వంటి పండితులు గ్రీకు వైద్యాన్నీ తత్వాన్నీ సిరియాక్‌, అరబిక్‌ భాషల్లోకి తెచ్చారు. హునైన్‌ క్రైస్తవుడు. అతన్ని పోషించినవాళ్లు ముస్లింలు. అనువదించింది ఆ రెండు మతాలకూ చెందనివాళ్ల పుస్తకాలు! పన్నెండో శతాబ్దంలో కార్డోబాకు చెందిన ఇబ్న్‌ రుష్ద్‌ అరిస్టాటిల్‌కు వ్యాఖ్యానాలు రాశాడు. స్పెయిన్‌లోని టొలీడోలో అరబిక్‌ పుస్తకాలు లాటిన్‌లోకి మారి ఐరోపా చేరాయి.

ఆ ప్రయాణంలో ఒక పాయ హైదరాబాద్‌కూ వచ్చింది. చార్మినార్‌ పక్కనున్న నిజామియా జనరల్‌ ఆసుపత్రిని అందరూ యునానీ దవాఖానా అంటారు. యునానీ అంటే గ్రీకుదని అర్థం. అరబ్బులు గ్రీసును యునాన్‌ అన్నారు, ‘అయోనియా’ అనే గ్రీకు ప్రాంతం పేరుమీద. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం సమతూకంలో ఉంటేనే ఆరోగ్యమన్న పాత గ్రీకు సిద్ధాంతం యునానీకి పునాది. హిపోక్రటిస్‌ వాళ్లకు బుఖ్రాత్‌, అరిస్టాటిల్‌ అరస్తూ, ప్లేటో అఫ్లాతూన్‌. ఉర్దూ, హిందీల్లో అన్నీ తనకే తెలుసనుకునేవాణ్ని అఫ్లాతూన్‌ అని వెక్కిరిస్తారు. పాపం ప్లేటో!

మనవైపు చూసిన యవనులు

గ్రీకులకూ మనకూ బంధం నేరుగానే ఉంది. అశోకుడి శాసనాల్లో ఒకటి 1958లో అఫ్గానిస్థాన్‌లోని కాందహార్‌ దగ్గర దొరికింది. అది గ్రీకు, అరామిక్‌ భాషల్లో ఉంది. అందులో ‘ధమ్మ’కు వాడిన గ్రీకు మాట ‘యూసేబియా’. క్రీ.పూ. రెండో శతాబ్దం చివర్లో హెలియోడోరస్‌ అనే గ్రీకు రాయబారి విదిశ దగ్గర వాసుదేవుడికి గరుడస్తంభం నిలబెట్టాడు. అదిప్పటికీ ఉంది. క్రీ.శ. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం ‘పెరిప్లస్‌’లో సన్నని నూలు బట్టలకు పేరుపడ్డ ‘మసాలియా’ ప్రస్తావన ఉంది. అది మన మచిలీపట్నం చుట్టుపక్కల తీరమని పండితుల నిర్ధారణ.

వీటన్నిటికన్నా అపురూపమైంది ‘మిలిందపన్హ’. పాలీ భాషలోని బౌద్ధ గ్రంథం. మిలిందుడంటే క్రీ.పూ. రెండో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండర్‌. నాగసేనుడనే భిక్షువును ప్రశ్నలతో ముంచెత్తుతాడు. వాదం ముందుకు సాగాలంటే భిక్షువు ఓ షరతు పెడతాడు. పండితుడిలా మాట్లాడతానంటే సరే, రాజులా అయితే వాదనే లేదు! పండితుడు ఓడిపోయినా కోప్పడడు, రాజు మాత్రం కాదన్నవాణ్ని శిక్షిస్తాడు. రాజు ఒప్పుకొన్నాడు. ప్రశ్నోపనిషత్తు పుట్టిన నేలమీద అడగడం కొత్త కాదు కదా. కానీ అడిగే హక్కుకు ముందుగా హామీ తీసుకోవాలన్న జాగ్రత్త చూడండి. ఏథెన్స్‌లో సోక్రటీస్‌కు లేనిదే అది.

మన నోట గ్రీకు మాటలు

కేంద్రం: గ్రీకులో ‘కెంట్రాన్‌’. వృత్తం గీసే ములికి. జ్యోతిషం ద్వారా సంస్కృతంలోకి, అక్కడినుంచి తెలుగులోకి.
హోర: గ్రీకు ‘హోరా’. ఇంగ్లిషు ‘అవర్‌’ కూడా దీని బిడ్డే.
జామిత్ర: జాతకచక్రంలో ఏడో స్థానం. గ్రీకు ‘డయామెట్రోస్‌’ నుంచి.
సొరంగం: సంస్కృత ‘సురుంగా’కు మూలం గ్రీకు ‘సిరింక్స్‌’ అని భాషావేత్తల మాట. సిరింక్స్‌ అంటే గొట్టం, పిల్లనగ్రోవి.
మ్యూజియం: కళాదేవతలైన ‘మ్యూజ్‌’ల గుడి.

గురువే గోడ అయితే?

గ్రీకులను ఆకాశానికెత్తడం తేలిక. కానీ ఏథెన్స్‌ ప్రజాస్వామ్యంలో ఆడవాళ్లకు ఓటు లేదు. బయటి ఊళ్లనుంచి వచ్చి స్థిరపడినవాళ్లకూ లేదు. వెండి గనుల్లో వేలమంది బానిసలు మగ్గిపోతుంటే, ఆ వెండితో నగరం వెలిగింది. కొందరు పుట్టుకతోనే బానిసలని అరిస్టాటిల్‌ రాసిపెట్టాడు. ఆ మాటను ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలపాటు ఇతరులను అణచడానికి వాడుకున్నారు.

ఇంకో విచిత్రం ఉంది. ప్రశ్నించమన్న గ్రీకులనే మధ్యయుగాల్లో ప్రశ్నించరాని దేవుళ్లను చేశారు. భూమి కదలదు, బరువైనవి తొందరగా పడతాయి... అరిస్టాటిల్‌ చెప్పాడంటే తిరుగులేదు. గెలీలియో కాదన్నాడు. భూమి తిరుగుతోందన్న వాదనను సమర్థించినందుకు 1633లో మతన్యాయస్థానం ముందు మోకరిల్లాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని గెలీలియోకు 1800 ఏళ్ల ముందే చెప్పిన ఆరిస్టార్కస్‌ కూడా గ్రీకువాడే! అంటే ఒక గ్రీకు జవాబును పట్టుకుని వేలాడినవాళ్లు, గ్రీకుల అసలు ఆస్తిని పోగొట్టుకున్నారన్నమాట. ఆ ఆస్తి జవాబు కాదు, అడిగే అలవాటు.

ఆ అలవాటు ఇప్పటికీ పనిచేస్తోంది. 1870ల్లో హార్వర్డ్‌ లా స్కూల్లో లాంగ్‌డెల్‌ ఉపన్యాసాలు మాని, కేసు ఇచ్చి విద్యార్థులను ప్రశ్నలతో నడిపించడం మొదలుపెట్టారు. దాన్ని ‘సోక్రటిక్‌ పద్ధతి’ అంటారు. మనసు జబ్బులకు ఆరన్‌ బెక్‌ 1960ల్లో రూపొందించిన చికిత్సలో ఒక ముఖ్యమైన పనిముట్టు పేరూ ‘సోక్రటిక్‌ ప్రశ్న’. ‘నేను దేనికీ పనికిరాను’ అని కుంగిపోయినవారికి వైద్యుడు ధైర్యవచనాలు చెప్పడు. అలా అనుకోవడానికి ఆధారమేమిటి, దాన్ని కాదనే ఆధారం ఏదైనా ఉందా అని ఒక్కొక్కటే అడుగుతాడు. దాని తాత్విక మూలాలు స్టోయిక్కుల దగ్గర ఉన్నాయని బెక్‌ చెప్పారు. మనల్ని బాధపెట్టేది జరిగిన సంఘటన కాదు, దానిమీద మనం ఏర్పరచుకున్న అభిప్రాయం అన్నది వాళ్ల సిద్ధాంతం. అది బోధించిన ఎపిక్టెటస్‌ ఒకప్పటి బానిస. పాటించిన మార్కస్‌ అరీలియస్‌ రోమ్‌ చక్రవర్తి!

చివరి కోరిక

నౌక తిరిగొచ్చింది. సాయంత్రం హెమ్లాక్‌ అనే విషపు మొక్క రసం గిన్నెలో పోసి తెచ్చారు. సోక్రటీస్‌ వణక్కుండా తాగేశాడు. కాళ్లు బరువెక్కేదాకా అటూఇటూ నడిచి, పడుకున్నాడు. ఏథెన్స్‌ అగోరా తవ్వకాల్లో ఆనాటి జైలు ఇదేనని కొందరు నిపుణులు అనుకునే కట్టడం ఒకటి బయటపడింది. అందులో 13 చిన్న మట్టి సీసాలు దొరికాయి. విషం కొలిచి పోయడానికి వాడి ఉండొచ్చని వాళ్ల ఊహ.

తీర్పు వచ్చాక, తనకు శిక్ష వేసినవాళ్లను ఆయన ఒకే ఒక్క సాయం అడిగాడు. అది ప్రాణభిక్ష కాదు. కుటుంబానికి జీవనాధారం కూడా కాదు. తన ముగ్గురు కొడుకులు పెద్దవాళ్లయ్యాక, మంచితనం కన్నా డబ్బే ముఖ్యమనుకుంటే... ఏమీ కాకుండానే ఏదో అయిపోయామని విర్రవీగితే... తాను ఈ ఊరివాళ్లను ఎలా ప్రశ్నలతో విసిగించాడో, వాళ్లనూ అలాగే విసిగించమన్నాడు.

పిల్లలకు ఆస్తి రాసిచ్చిన తండ్రులు చాలామంది ఉంటారు. ప్రశ్నలు రాసిచ్చిన తండ్రి... బహుశా ఈయనొక్కడే!